పలకకు నేర్పిన వంటింటి మాటలు

నమోదు 611. పరీక్షకు ఇరవై నాలుగు రోజులు

ఉదయం ఆటు. గాలి లేదు. పలకలకు కరెంటిచ్చే కప్పు మీది ఎండరేకులకు గోరుమందం ఉప్పు పట్టింది. పాత పంచె ముక్కతో, అరచెంబు మంచినీళ్ళతో తుడిచాను. నాకు ముందు ఈ పని చూసినాయన మంచినీళ్ళు దండగని ఉప్పునీళ్ళతోనే తుడిచేవాడు. ఆయన రోజుల్లో బడిలో సగం పలకలు మధ్యాహ్నానికే కళ్ళు మూసేవి.

ఏడో తరగతి పలక ఒకటి నీళ్ళలో పడిందని బియ్యం డబ్బాలో పూడ్చి తెచ్చారు. ఈ వైద్యం మా ముత్తాతల నాటిది. బియ్యం పెద్దగా తడి పీల్చదు గానీ, తవుడు మాత్రం తప్పకుండా ఛార్జింగు కన్నంలోకి చేరుతుంది. సూదితో గంటసేపు తీశాను. తడిసిన పలకను ఆపేయాలి, బోర్లించాలి, నీడన గాలికి ఉంచాలి, ఒక రోజంతా ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా ఉండలేనివాళ్ళే బియ్యం డబ్బా దగ్గరికి పోతారు.

ఈ పుస్తకం నా తరువాత ఈ గదిలో కూర్చునేవారి కోసం. నా పేరు కొల్లాటి నాంచారయ్య. డెబ్బై మూడేళ్ళు. సముద్రం పల్లెల్ని తీసుకున్నాక మట్టి పోసి ఎత్తిన దిబ్బల్ని మెరకలంటున్నాం కదా, వాటిలో మూడో మెరక బడిలో పలకల గది నాది. అంతకుముందు పడవల ఇంజన్లు చూసేవాణ్ణి. బడికి పోయింది మూడేళ్ళే. మిగతా చదువంతా ఇంజన్ల మీద అంటించిన కాగితాలు చదివి సంపాదించిందే, అందుకని నా తెలుగులో అక్కడక్కడ గ్రీజు మరకలుంటాయి. ఇప్పుడెవరూ చేత్తో రాయడం లేదు. ఈ అక్షరాలు మీరు చదవగలరో లేదో కూడా నాకు అనుమానమే. చదవగలిగితే మిగతా పని మీకు తేలిక.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పదో తరగతి పిల్ల లంకె మాణిక్యం పలకలో బ్యాటరీ పొంగి వీపు ఉబ్బింది. బల్ల మీద పెడితే తాబేలులా ఊగుతోంది. వీపు ఉబ్బిన పలకను నొక్కకూడదు, పొడవకూడదు, ఇంటికి పంపకూడదు. ఇసుక పోసిన రేకు పెట్టెలో పెట్టేసి పిల్లలకు కొత్తది ఇవ్వాలి. ఇప్పటికి అరవై దాకా అలా ఇచ్చాను. ఇవాళ ఇసుక పెట్టె మూత తీశాను, మళ్ళీ వేసేశాను.

నమోదు 612. పరీక్షకు ఇరవై మూడు రోజులు

మాణిక్యం గురించి చెప్పాలి. పుట్టుచెవుడు. మాట లేదు. తల్లి వీరవేణి ఎండుచేపల పందిళ్ళలో పనిచేస్తుంది. నగరాల్లో చెవిటి పిల్లలకు ప్రమాణ సైగలు నేర్పే బళ్ళున్నాయి, మెరకలకు అవి రాలేదు. ఆ పిల్ల తన సైగలు తానే పుట్టించుకుంది. తొమ్మిదో ఏట బడి పలక చేతికొచ్చింది. పలకకున్న కన్ను ఆమె చేతుల్ని చూసి, ఇదా నీ మాట అని తెర మీద అడిగేది. కాకపోతే ఆమె తల అడ్డంగా ఊపేది. అలా ఆరేళ్ళు. ఇప్పుడు ఆమె చేతులు ఆడిస్తే పలక మాట్లాడుతుంది. మనం మాట్లాడితే ఆమె సైగల్ని తెర మీద చూపిస్తుంది.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఆ పలక గొంతు పెరిగింది. మొదట చిన్నపిల్ల గొంతు. ఎవరూ చెప్పకుండానే, రోజూ వీరవేణి మాట వింటూ అందులోంచి కొంచెం కొంచెం తీసుకుని, పిల్లతో పాటు పెంచుకుంది. "మా పిల్ల గొంతు నిండుగా అయింది, విన్నావా బాబాయ్" అని పోయినేడు వీరవేణి మురిసిపోయింది. యంత్రం కదమ్మా అనబోయి ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చాలా అరుదు.

ఇవాళ మాణిక్యం వచ్చి నా బల్ల ముందు నిలబడి చేతులు ఆడించింది.

"తాతా, నా పలకకి ఏమైంది?" అంది పలక. తన రోగం సంగతి తానే అడుగుతున్నట్టుంది వినడానికి.

నేను నోరు తెరిచేలోగా మళ్ళీ అంది. "నీ మీసం వంకరపోయింది. వంకరగా చెప్పబోయేముందు అట్టాగే అవుద్ది. తిన్నగా చెప్పు."

తిన్నగా చెప్పాను. ఈ రకం పలకలో బ్యాటరీనీ జ్ఞాపకాన్నీ ఒకే జిగురుతో అంటించారు. ఒకటి మారుద్దామంటే రెండోది చిరుగుతుంది. పగటిపూట, కళ్ళెదుటే, తక్కువ కరెంటు మీద పెట్టుకుంటే పది రోజులు నడుస్తుంది.

"పరీక్ష ఇరవై మూడు రోజులకి గదా," అంది.

"అందుకే నీ సైగలన్నీ కొత్త పలకలోకి తెస్తాను."

"అన్నీనా?"

"అన్నీ."

ఈ మాట నేనే అన్నాను. రాసి పెడుతున్నాను.

పరీక్ష అంటే నోటిపరీక్ష. రాసింది పిల్లో పలకో తేల్చలేక విసిగిపోయి, రాతపరీక్షలు రద్దుచేసి ముప్పై ఏళ్ళయింది. ఎదురుగా కూర్చుని అడిగినదానికి చెప్పాలి. ఇందులో గెలిచిన ఒక్కరికి ఆటుపోట్ల కేంద్రంలో చోటిస్తారు. ఏ మెరకకు ఏ గంటకు నీరెక్కుతుందో, తూములు ఎప్పుడు తెరవాలో చెప్పేవాళ్ళు అక్కడ తయారవుతారు. మాణిక్యం గట్టు మీద కూర్చుని పీతల కన్నాలు చూసి పోటు గంట చెబుతుంది. నేను గడియారం పెట్టుకుని నాలుగు నెలలు సరిచూశాను. రెండుసార్లు తేడా వచ్చింది. ఆ రెండుసార్లూ నా గడియారానిదే తప్పు.

నమోదు 613. పరీక్షకు ఇరవై రెండు రోజులు

మా పెద్ద టీచరు జ్ఞానసుందరి గారు మాణిక్యం సైగల్ని తమ దగ్గర దాచిపెట్టమని నగరంలోని నిల్వ కార్యాలయానికి రాశారు. మధ్యాహ్నానికే జవాబు వచ్చింది. "ప్రమాణంలో లేని సైగలు భద్రపరచబడవు."

"అంటే ఏందమ్మా?" అన్నాను.

"ఆ పిల్ల మాట్లాడేది భాష కాదని, నాంచారయ్య గారూ. మర్యాదగా చెప్పారు."

"మరి మనం మాట్లాడేది ఏ ప్రమాణంలో ఉందంట?"

"అది కూడా అడిగామంటే మనల్నీ తీసేస్తారు. మీరు ఇక్కడ చెయ్యగలిగింది చూడండి."

టీచర్లకు నేను చెప్పే జాగ్రత్తలు రెండే. ఒకటి, రెండు చోట్ల లేనిది అసలు లేనట్టే. పాఠమైనా మార్కులైనా ఒక పలకలోనే ఉంచుకుని నిద్రపోకూడదు. రెండు, తాళంమాట గోడమీద రాయకూడదు. లెక్కల మాస్టారు మరిచిపోతానని తలుపు మీద సుద్దతో రాసుకుని, కింద "ఎవరూ చదవరాదు" అని కూడా రాశారు. ఆ కింది వాక్యం లేకపోతే ఎవరి కళ్ళకూ ఆనేది కాదు.

మొదటి జాగ్రత్త అందరికీ చెప్పి మాణిక్యం పలక దగ్గర నేనే మరిచాను. ఆరేళ్ళుగా ఆ పిల్ల మాటంతా ఒక్క పలకలోనే ఉంది.

నమోదు 614. పరీక్షకు ఇరవై ఒక్క రోజులు

మా పలకలు తెలుగులో చెబితే వింటాయి. ఈ గొప్ప నాది, కనుక కాస్త చెప్పుకోనివ్వండి.

పలకలు వచ్చినప్పుడు వాటి ఆజ్ఞలన్నీ తయారుచేసినవాళ్ళ మాటల్లో ఉండేవి. పిల్లలకు నోరు తిరిగేది కాదు, టీచర్లకు గుర్తుండేవి కాదు. నేను కూర్చుని ఒక్కొక్కటీ మార్చాను. ఆపడానికి "నిద్రపో". వెతకడానికి "జల్లించు". ఒక పలకలోది ఇంకో పలకకు ఎక్కించడానికి "తోడుపెట్టు". మొత్తం చెరిపి కొత్తగా చేయడానికి "కడుగు". పొరపాటున చెరగకుండా పలక "కడిగెయ్యనా?" అని ఒకసారి అడుగుతుంది. "ఊఁ" అంటే చేస్తుంది. పెద్ద పెద్ద మాటలు దేనికి, వంటింటి మాటలైతే ప్రతి ఇంట్లోనూ ఉంటాయి గదా అనుకున్నాను. పై నుంచి చూడవచ్చినాయన ముచ్చటపడి నా ఫొటో తీసుకున్నాడు.

మొదట్లో అవి నా గొంతు ఒక్కటే వినేవి. రెండేళ్ళ కిందట తుఫాను జ్వరానికి నా గొంతు బొంగురుపోయింది. నలభై పలకలు కొత్తల్లుణ్ణి చూసినట్టు నన్ను చూశాయే గానీ ఒక్కటీ కదల్లేదు. బడి మూడు రోజులు ఆగింది. అప్పటినుంచి పెద్దవాళ్ళు ఎవరు చెప్పినా వినేలా చేశాను. మామూలు రోజుల్లో ఆజ్ఞలు వినే చెవి మూసే ఉంటుంది, నేను తెరిస్తేనే తెరుచుకుంటుంది. ఫరవాలేదనుకున్నాను.

నమోదు 615. పరీక్షకు ఇరవై రోజులు

మాణిక్యం పాత పలకనూ కొత్త పలకనూ జత కలిపాను. తోడు మొదలైంది. ఇందులో తిరకాసు ఏమంటే, పాతది ఒక్కసారిగా కుమ్మరించదు. ఆ పిల్ల ఒక సైగ చేస్తే దాన్నీ, దాని చుట్టుపక్కల వాటినీ కొత్తదానికి అందిస్తుంది. కాబట్టి రెండూ ఆమె దగ్గరే ఉండాలి. మూడు రోజులు పడుతుంది. అంతవరకూ చెవి తెరిచే ఉండాలి. మూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. నేనే పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"రెండు పలకలేంది బాబాయ్?" అంది వీరవేణి.

"పాతది చెబుద్ది, కొత్తది నేర్చుకుంటది. పాలు తోడేసినట్టే."

"కదపగూడదా అయితే?"

"కదపొచ్చు. ఆపగూడదు. పిల్ల మాట్లాడతానే ఉండాలి. ఎంత మాట్లాడితే అంత చేరుద్ది."

"ఆ సంగతి దానికి చెప్పబన్లేదు. నోరు మూసిందెప్పుడు?"

మాణిక్యం తెర చూసి చేతులాడించింది. "నీ కూతుర్ని గదే," అంది పలక.

వీరవేణికి జాగ్రత్తలు చెప్పాను. ఉప్పుచేతులతో ముట్టొద్దు. ఎండలో పెట్టొద్దు. తలగడ కింద పెట్టొద్దు. ఉబ్బిన వైపు కిందికి పెట్టొద్దు. చమురు తగలనివ్వొద్దు. తీగ లాగొద్దు. ఒకదాని మీద ఒకటి పెట్టొద్దు. తెర పగిలినట్టుంటే వేలు పెట్టొద్దు. కాలిన వాసనొస్తే ఇసుకలో పడేసి నా దగ్గరికి పరిగెత్తు. తొమ్మిది. వేళ్ళు మడుస్తూ చెప్పాను కనుక తొమ్మిదని గుర్తుంది.

నమోదు 616. పరీక్షకు పందొమ్మిది రోజులు

వెళ్ళి చూశాను. నాలుగు వేల ఇరవై సైగల్లో రెండు వేల ఆరువందలు చేరాయి. కొత్త పలక అప్పుడే ఆ గొంతు కూడా పట్టుకుంది, కాస్త జలుబు చేసినట్టుంది అంతే. మాణిక్యం పాత పలకతో ఒకటీ కొత్త పలకతో ఒకటీ చెప్పి రెండింటికీ తగాదా పెట్టి నవ్వుకుంటోంది. ఆ నవ్వు మాత్రం తనదే, పలకది కాదు. ఊపిరి ఒక్కటే వినపడుతుంది.

రేపు సాయంత్రానికి పూర్తవుతుంది. వస్తూ గట్టు మీద కూర్చుని పుచ్చకాయ తిన్నాను.

నమోదు 617. పరీక్షకు పద్దెనిమిది రోజులు

పొద్దున తొమ్మిది కాకముందే వీరవేణి రెండు పలకల్నీ కొంగులో పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. చేతులకు చేప పొలుసులు అలాగే ఉన్నాయి. వెనక మాణిక్యం.

"పలికించు బాబాయ్. పలకట్లేదు."

రెండింటినీ బల్ల మీద పెట్టాను. వెలుగుతూనే ఉన్నాయి.

"నమస్కారం. నేను మీ కొత్త పలకను. మీ పేరు చెప్పండి," అంది పాతది.

"నమస్కారం. నేను మీ కొత్త పలకను. మీ పేరు చెప్పండి," అంది కొత్తది, అరక్షణం ఆలస్యంగా.

ఎవరో నగరం ఆడమనిషి గొంతు. చక్కటి గొంతు.

"ఎవరు బాబాయ్ ఇది?" అంది వీరవేణి.

మాణిక్యం ముందుకొచ్చి పలకల ముందు చేతులాడించింది. "క్షమించండి, అర్థం కాలేదు," అన్నాయి రెండూ. మళ్ళీ ఆడించింది, నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "క్షమించండి, అర్థం కాలేదు." నాలుగోసారికి తల్లి ఆ చేతులు పట్టుకుని ఆపేసింది.

నమోదు 618. పరీక్షకు పదిహేడు రోజులు

కడిగినా పలక ఒకటి మాత్రం దాచుకుంటుంది, తనను కడగమన్నది ఎవరన్నది. దాన్ని తెరిచి చదివాను. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

8.41. పెద్ద గొంతు: "మాణిక్యం, ఆ చేపలు కడుగు."

8.41. పలక: "కడిగెయ్యనా?"

8.41. పెద్ద గొంతు: "ఊఁ, కడిగెయ్."

అంతే. తరువాత ఏమీ లేదు. రెండూ జత కలిసి ఉన్నాయి కనుక రెండూ కడుక్కున్నాయి. తోడూ పోయింది, పాలూ పోయాయి.

వీరవేణి పదిహేనేళ్ళుగా ఆ పిల్లతో పైకే మాట్లాడుతుంది. వినపడదని తెలుసు, అయినా మాట్లాడుతుంది. మాణిక్యం చేతులు అప్పటికే చేపల తొట్టిలో ఉన్నాయి, కళ్ళు ఆ చేతుల మీదే ఉన్నాయి. ఆ పలకకున్నది ఒకటే గొంతు. కడిగెయ్యనా అని కూతురే అడిగిందనుకుంది తల్లి. చేతులు నీళ్ళలో ఉంటే పలక ఎలా మాట్లాడిందని ఆమెకు తోచలేదు. కూతురి గొంతు వినపడ్డాక ఏ తల్లి చేతులు వెతుకుతుంది.

తయారుచేసినవాళ్ళు పెట్టిన మాట ఏ వంటింట్లోనూ ఎవరూ అనరు. దాన్ని తీసేసి, ప్రతి వంటింట్లోనూ రోజుకు పదిసార్లు అనే మాట నేను పెట్టాను. దానికి తాళంగా ఊఁ పెట్టాను. మన ఇళ్ళలో ఊఁ అనకుండా ఒక పూట గడుస్తుందా.

సాయంత్రం వీరవేణి వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"నేనేమన్నా చేశానా బాబాయ్?"

"బ్యాటరీ అమ్మాయ్," అన్నాను. "ఉబ్బింది గదా. అది పోతా పోతా రెండోదాన్ని కూడా లాక్కుపోయింది."

"నేను ముట్టుకోలేదు. అది ఆగిపోయేదాకా ఒక్కసారి కూడా ముట్టుకోలేదు."

"తెలుసమ్మా. బ్యాటరీయే."

పైవాళ్ళకు పంపిన కాగితంలో, ఆజ్ఞల మాటలు మార్చింది నేనే, చెవి తెరిచి వాళ్ళింట్లో పెట్టింది నేనే, తప్పు నాదేనని రాశాను. అది నిజం. తల్లి సంగతి రాయలేదు. ఆమెకు చేతిరాత చదవడం రాదు, మీకు వచ్చు, కనుక మీకే చెబుతున్నాను. ఎప్పుడైనా ఆమె ఈ గదికి వచ్చి అడిగితే బ్యాటరీ అనే చెప్పండి.

నలభై పలకల్లోనూ వంటింటి మాటలన్నీ తీసేశాను. సాయంత్రం వరకు పట్టింది. మీరెప్పుడైనా ఆజ్ఞలకు మాటలు పెట్టాల్సి వస్తే, ఎవరి ఇంట్లోనూ వినపడని మాట వెతికి పెట్టండి.

నమోదు 620. పరీక్షకు పదిహేను రోజులు

పరీక్షను నెల రోజులు వాయిదా వెయ్యమని జ్ఞానసుందరి గారు పైవాళ్ళను అడిగారు. కుదరదట.

రోజూ నలుగురం కూర్చుంటున్నాం. మాణిక్యం, తల్లి, టీచరుగారు, నేను. ఆ పిల్ల సైగ చేస్తుంది, మేము దాని పేరు కొత్త పలకకు చెబుతాం. పేరు మాకు తెలియాలి గదా, అక్కడే ఆగిపోతున్నాం. మాణిక్యానికి అక్షరాలు వచ్చు. చేప, తూము, పోటు అని తెర మీద రాస్తుంది. కానీ వస్తువుల పేర్లే రాస్తుంది. వాటిని కలిపే మాటలు రాతలో ఆమెకెవరూ నేర్పలేదు. పలక ఉంది గదా అనుకున్నాం. నేనూ అనుకున్నాను, టీచరుగారూ అనుకున్నారు.

తల్లికి తెలుస్తాయనుకుంటే, వీరవేణికి తెలిసినవి వందకు మించి లేవు. అన్నం, రా, నిద్ర, నొప్పి, చీకటి. అన్నీ తొమ్మిదేళ్ళ పిల్ల మాటలు.

"మిగతాయి ఏమైనయ్ వీరవేణీ?" అన్నాను.

"పలక వచ్చాక దాని చేతులు చూట్టం మానేశాను బాబాయ్," అంది. "పొయ్యి దగ్గరుండి, అటు తిరిగి కూడా దానితో మాట్లాడొచ్చు గదా. వింటే చాలనుకున్నా. అన్నేళ్ళు అది నా ఈపుకి మాట్లాడింది."

జ్ఞానసుందరి గారు లేచి కిటికీ దగ్గరికి పోయారు.

టీచర్లకు: పలక ఎంత బాగా చెప్పినా, రోజులో ఒక పూట దాన్ని మూసి పిల్ల వైపు చూడండి. ఈ జాగ్రత్త ఆరేళ్ళ కిందట రాయాల్సింది.

నమోదు 634. పరీక్షకు ఒక రోజు

మూడువందల నలభై సైగలు ఎక్కాయి. రాత్రింబగళ్ళు చేసినా అంతకన్నా కుదరలేదు. చాలావాటికి మాణిక్యం తల అడ్డంగా ఊపి, మేము మళ్ళీ తప్పే చెబితే, పోనీలే అన్నట్టు తరువాతి దానికి పోయింది. మొదట్లో కోపంగా ఊపేది. ఈ వారం ఓపికగా ఊపుతోంది. ఆ ఓపిక నాకు నచ్చలేదు.

నమోదు 635. పరీక్ష రోజు

పరీక్షాధికారి మంచివాడే. కుర్చీ తనే దగ్గరికి జరిపి ఆ పిల్లను కూర్చోబెట్టాడు. నన్నూ తల్లినీ గోడ పక్కన ఉండనిచ్చాడు.

"పున్నమినాడు తూము ఎప్పుడు తెరవాలమ్మా?"

మాణిక్యం చేతులు గబగబా కదిలాయి. అంత వేగంగా కదిలి చాలా రోజులైంది.

"చంద్రుడు. పెద్ద నీరు. తూము. మూత. నీరు. కింద. తూము. తెరువు," అంది పలక, ఆ చక్కటి గొంతుతో.

ఆయన తల ఊపాడు. "సరే. ఎందుకని?"

మాణిక్యం కుడిచేత్తో ఎడమ మోచేతిని తాకి, చేతిని ముందుకు చాచింది.

"మోచెయ్యి," అంది పలక.

ఆమె ఆగి పలక వైపు చూసింది. మళ్ళీ మోచేతిని తాకింది.

"మోచెయ్యి."

ఆ మాట పలకలోకి ఎక్కించింది నేనే. మోచేతిని చూపిస్తుంటే మోచెయ్యి గాక ఇంకేమిటనుకున్నాను. ఆమె అడ్డంగా తల ఊపితే, ఏదైతే ఏముంది లెమ్మని ముందుకు పోయాను. అది 'ఎందుకంటే' అని ఇప్పుడు తెలిసింది. ఆమె కారణాలన్నీ ఆ మోచేతి దగ్గరే మొదలవుతాయి.

"అది ఎందుకంటే అండీ," అన్నాను గోడ దగ్గర్నుంచి.

"మీరు చెప్పకూడదు పెద్దాయనా," అన్నాడు. గట్టిగా అనలేదు.

మరో పదకొండు ప్రశ్నలడిగాడు. ప్రతిదానికీ ఆమె జవాబు చెప్పింది. జవాబులన్నీ ఆమెకు తెలుసు, చేతులు చూస్తేనే తెలిసిపోతోంది. గదిలో వినపడింది మాత్రం నీరు, రాయి, గాలి, మోచెయ్యి. చివర్లో ఆయన "ఇంకేమైనా చెబుతావా అమ్మా" అని అడిగాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

నమోదు 644. పరీక్ష అయి తొమ్మిది రోజులు

ఆటుపోట్ల కేంద్రంలో చోటు ఐదో మెరక పిల్లకు వచ్చింది. తెలివైన పిల్లేనట.

పదో తరగతి వాళ్ళంతా ఇవాళ పలకలు అప్పగించారు. మాణిక్యం చివర వచ్చింది. తెర శుభ్రంగా తుడిచి, తీగ చుట్టలా చుట్టి తెచ్చింది. అందరికన్నా నీటుగా ఉంది. రేపటినుంచి తల్లితో పాటు పందిళ్ళకు పోతుందని టీచరుగారు ముందే చెప్పారు. వచ్చే ఏడాది మళ్ళీ పరీక్షకు కూర్చోమని టీచరుగారు అడిగితే, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుందట.

ఈ తొమ్మిది రోజులూ నేను గదిలో ఒక్కణ్ణే రెండు సైగలు సాధన చేశాను. తప్పు, నాది. నా వేళ్ళు ఇంజన్లు విప్పిన వేళ్ళు, చిటికెనవేలు వంగదు. ఆమె ఎదురుగా నిలబడి చేసి చూపించాను.

మాణిక్యం చూసింది. దగ్గరికొచ్చి నా చిటికెనవేలు పట్టుకుని వంచాల్సినంత వంచింది. మళ్ళీ చెయ్యమన్నట్టు తల ఊపింది. మళ్ళీ చేశాను. ఈసారి సరిగ్గా వచ్చినట్టుంది.

అప్పుడు తను ఒక సైగ చేసింది. మేము ఎక్కించిన మూడువందల నలభైలో అది లేదు. అర్థం కాలేదన్నాను. నెమ్మదిగా మళ్ళీ చేసింది. బల్ల మీది పలక "క్షమించండి, అర్థం కాలేదు" అంటే దాన్ని బోర్లించాను. ఈ పుస్తకం తిప్పి ఆమె ముందుకు జరిపి, కలం ఇచ్చాను. కలం పట్టుకుంది. కాగితం మీద ఆనించి చాలాసేపు ఉంచింది. తరువాత కలాన్ని నా వైపు జరిపి వెళ్ళిపోయింది. ఈ పేజీలో ఉన్న సిరా చుక్క అదే.

మధ్యాహ్నం పందిళ్ళకు వెళ్ళి వీరవేణికి ఆ సైగ చేసి చూపించాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, తనూ రెండుసార్లు చేసి చూసుకుంది.

"ఇది చానాసార్లు చేసేది బాబాయ్," అంది. "కంటికొసన చూసినట్టు గుర్తు. పలక అప్పుడేమనేదో గుర్తు రావట్లా."

సైగల కోసం రెండో పుస్తకం మొదలుపెట్టాను. పలక కోసం కాదు. మొదటి పేజీలో ఇది ఎక్కించాను:

341. ఎడమ అరచెయ్యి రొమ్ము కింద ఆనించి, కుడిచేతి వేళ్ళు మూసి దాని మీద పెట్టి, వేళ్ళు విప్పుతూ నెమ్మదిగా కిందికి వదలడం. అర్థం: తెలియదు.